అవమానాల చరిత్ర – 7: మురుగు కాలువలో మనిషి

మొన్న అమెరికా నుంచి కాలేజీ మిత్రుడొకడు ఫోన్ చేశాడు. ఆఫీసులో ఎవరో "మీ దేశమంతా మురికేనటగా" అన్నారట. రాత్రంతా నిద్రపట్టలేదన్నాడు. నాకూ బాధేసింది. కానీ హాస్టల్ రోజుల్లో ఇతనే నన్ను చూసి నవ్వుతూ "కులం బుద్ధి ఎక్కడికి పోతుందిరా" అన్నాడు. అది అతనికి గుర్తులేదు, నాకుంది.

అందుకే ఈ భాగం 1927 గురించి.

ఆ ఏడాది క్యాథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి 'మదర్ ఇండియా' అచ్చువేసింది. బాల్యవివాహాలు, అంటరానితనం, మురికి అన్నీ ఏకరువు పెట్టి, వీళ్లు స్వపరిపాలనకు పనికిరారని తేల్చింది. దేశం భగ్గుమంది. పుస్తకాన్నీ, ఆమె దిష్టిబొమ్మనీ తగలబెట్టారు. గాంధీ దాన్ని మురుగు కాలువల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అన్నారు. భారతీయులు చదివితే కొంత మేలేనని కూడా రాశారు. 1928లో లాలా లజపతిరాయ్ 'అన్‌హ్యాపీ ఇండియా' పేరుతో జవాబిచ్చారు.

ఆ కోపం న్యాయమైనదే. మనుషులు చేసిన ఏర్పాటును ఆమె ఒక జాతి పుట్టుగుణంగా రాసింది. తెల్లవాళ్ల పాలనకు వత్తాసు పలికింది.

మరి అదే 1927లో మనకేం జరిగింది? మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. మనవాళ్లను కొట్టారు. తర్వాత పేడ, గోమూత్రం కలిపి చెరువును 'శుద్ధి' చేశారు. ఆ నీళ్లు పశువులు తాగితే మైల లేదు, మనం తాగితే మైల! మేయో దేశం మీద వేసిన ముద్రను వీళ్లు మనమీద ఎప్పుడో వేశారు. డిసెంబరు 25న అక్కడే మనుస్మృతి దహనం జరిగింది. ఒకే ఏడాది రెండు పుస్తకాలు కాలాయి. మొదటిదాన్ని కాల్చినవాళ్లను ఎవరూ నిలదీయరు. రెండోదానికి ఇప్పటికీ మనల్నే సంజాయిషీ అడుగుతారు.

ఇంకొకటి చూడండి. మేయో ఎత్తిచూపిన బాల్యవివాహాలకు రెండేళ్లలో, 1929లో, శారదా చట్టం వచ్చింది. పాకీపనిని నిషేధించే కేంద్ర చట్టానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ మీద అందరికీ కోపమొచ్చింది గానీ, కాలువలో దిగిన మనిషి గురించి ఎందరికి వచ్చింది?

పేరైనా అడక్కుండా మనమేమిటో ఎదుటివాడు తేల్చేస్తే ఎవరికైనా కాలుతుంది. మిత్రుడికి అదే చెప్పాను. "నీకు ఒక రాత్రి నిద్రపట్టలేదు. మా నాన్నకు ఎన్ని రాత్రులు పట్టలేదో లెక్కలేదు" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "హాస్టల్లో నేనూ అలా అన్నానా?" అని అడిగాడు.

అన్నావు, అన్నాను.

జై భీమ్.
(మిగతాది వచ్చే భాగంలో)