కాలిన రాళ్ల దిబ్బలు

ఐర్లండులో చరిత్రపూర్వ అవశేషాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి కోటలూ కావు, సమాధులూ కావు. కాలి పగిలిన రాళ్ల దిబ్బలు! ఐరిష్ భాషలో వాటిని 'ఫులఖ్త్ ఫీయ' అంటారు. ఆ దేశంలో నిత్యవ్యవహారం చాలామట్టుకు ఇంగ్లీషులోకి మారిపోయినా, ఈ పేరు మాత్రం ఇంగ్లీషు నివేదికల్లో సైతం నిలిచిపోయింది. ప్రవాసంలో తెలుగు మాట్లాడుకునే మనకు అదొక ముచ్చట. ఇప్పటికి 7,000కు పైగా దిబ్బలు నమోదయ్యాయి. వీటిలో ఎక్కువ భాగం కంచుయుగానివి, అంటే సుమారు క్రీ.పూ. 2500-500 మధ్యవి.

దిబ్బ పుట్టిన తీరు తేలికే. వాగు పక్కనో చిత్తడి నేలలోనో గొయ్యి తవ్వి, కొన్నిచోట్ల లోపల చెక్కలు పరిచేవారు. అందులో నీరు నిండేది. పక్కనే నెగడు వేసి, రాళ్లు ఎర్రగా కాల్చి నీళ్లలో వేసేవారు. నీరు మరిగేది, రాళ్లు పగిలేవి. పగిలినవాటిని తోడి చుట్టూ పారబోసేవారు. అలా పోగా పోగా గుర్రపునాడా ఆకారంలో దిబ్బ ఏర్పడింది.

రోడ్లు వేసేటప్పుడు ఇవి తరచుగా బయటపడుతుంటాయి. పురావస్తువుల విషయంలో ఎలా నడుచుకోవాలో 2000లో అక్కడి జాతీయ రహదారుల సంస్థ, సంబంధిత మంత్రి ఒక ఒప్పందానికి వచ్చారు. రోడ్డు పనికి ముందే పరీక్షా కందకాలు తీస్తారు. పళ్లు లేని బకెట్టు గల యంత్రంతో పైమట్టి తొలగిస్తే నల్లటి మచ్చ కనిపిస్తుంది. అక్కణ్ణుంచి చేతిపని. కొలతలు తీసి, పటాలు గీసి, బొగ్గుముక్కల్ని రేడియో కార్బన్ పరీక్షకు పంపుతారు. తవ్వకం ముగిశాక దిబ్బ ఉండదు, దాని చోట రోడ్డు వస్తుంది. మిగిలేది రాతకోతలే.

ఇంతకీ ఆ వేడినీళ్లు దేనికి? 17వ శతాబ్దంలో జెఫ్రీ కీటింగ్ రాసిన చరిత్రలో వేటగాళ్లయిన ఫియానా వీరులు ఒక గోతిలో మాంసం ఉడికించుకుని, మరో గోతిలో స్నానం చేసేవారని ఉంది. 1950లలో ఎం.జె. ఓకెల్లీ బాలివుర్నీలో ప్రయోగం చేసి చూశారు. సుమారు 450 లీటర్ల నీరు అరగంట దాటేసరికి మరిగింది. గడ్డిలో చుట్టిన నాలుగున్నర కిలోల గొర్రె తొడ 3 గంటల 40 నిమిషాల్లో ఉడికింది. వంట సాధ్యమేనని తేలింది. కాని చాలా దిబ్బల్లో ఎముకలు దొరకలేదు. నేల ఆమ్లం వాటిని తినేసిందని కొందరన్నారు. స్నానానికనీ, ఉన్నికి రంగు వేయడానికనీ మరికొందరన్నారు. 2007లో గాల్వేకు చెందిన ఇద్దరు పురావస్తు శాస్త్రజ్ఞులు ఇదే పద్ధతిలో బీరు కాచి చూపించారు.

నేను కామర్స్ చదివి బ్యాంకులో లెక్కలు చూసేవాణ్ణి. ఏ పద్దు దేనిదో తేలకపోతే మేము దాన్ని సస్పెన్స్ ఖాతాలో ఉంచుతాం. లెక్క కుదరాలని ఎవరి ఖాతాలోనో పడేయడం నేరం. ఈ దిబ్బలదీ అదే పద్ధతి కావాలి. బ్యాంకులో వోచరు మళ్లీ తీసి చూడొచ్చు, తవ్వేసిన దిబ్బకు రెండో ఆడిట్ లేదు. అందుకే రాయి ఏ జాతిదో, గొయ్యి ఎంత లోతో రాసినట్టే, దొరకనిదాన్నీ రాయాలి. తవ్వినవారు 'వంటగొయ్యి' అని రాసి చేతులు దులుపుకోక, 'ఎముకలు లేవు' అని కూడా నమోదు చేశారు. ఆ రెండు మాటలు లేకపోతే స్నానం సంగతీ, బీరు సంగతీ అడిగేవారే ఉండేవారు కాదు.