వంశం చెప్పిన కిన్నెర

2021 సెప్టెంబరు 2. పవన్ కల్యాణ్ పుట్టినరోజు. ఊరూరా ఫోన్లలో ఆయన సినిమా ‘భీమ్లా నాయక్’ పాట మోగుతోంది. సంగీత దర్శకుడు తమన్ వాద్యాలు హోరెత్తక ముందే ఒక పెద్దాయన గొంతు లేస్తుంది, వెనకాలే కిన్నెర తీగ. చెట్టు కింద తల్లి నొప్పులు పడుతుంది, బిడ్డ పుడతాడు. తల్లి పేరు, నాయిన పేరు, తాత పేరు, ముత్తాత పేరు అన్నీ అయ్యాకే హీరో పేరు.

కొత్తగా ఉందే అన్నారు జనం. పాలమూరులో అది తరాల నాటి పని. పాడింది దర్శనం మొగులయ్య, నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట మనిషి. పుట్టింది డక్కలి కులంలో. మాదిగ వాడకు పోయి, వాళ్ల వంశం చెప్పి, పురాణం పాడి, వాళ్లు పెట్టింది తెచ్చుకుని బతకడం డక్కలి వారి వృత్తి. సినిమా హీరోకూ ఆయన సరిగ్గా అదే చేశారు.

కిన్నెర అంటే వెదురు బొంగు, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, తేనెమైనంతో అతికిన మెట్లు. ఏడు మెట్ల కిన్నెరలూ ఉన్నాయి. మొగులయ్యది పన్నెండు మెట్లది, తండ్రి నుంచి వచ్చిన విద్య. దాని మీద ఆయన పాడే కథల్లో పండుగ సాయన్నది ఒకటి. నిజాం కాలంలో ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన పాలమూరు వీరుడు.

ఆ కథ విన్నప్పుడల్లా నాకు పోలండ్ గుర్తొస్తుంది. అక్కడి ఆధునిక సంగీతానికి పెద్దదిక్కు కరోల్ షిమనోవ్‌స్కీ తత్రా కొండల్లోని జకోపానెలో కాపురముండి, కొండవాళ్ల పాటలు చెవినిండా విన్నారు. ఆ కొండల బందిపోట్ల మీదే ‘హర్నాషియె’ అనే బ్యాలేకు సంగీతం కట్టారు. అది 1935లో ప్రాగ్‌లో రంగమెక్కింది. కొండ బాణీలు ఆయన ఆర్కెస్ట్రా గుండా లోకానికి చేరాయి. మన దగ్గర పాటగాడే తన గొంతుతో, తన కిన్నెరతో పాట మొదట్లో నిలబడ్డారు. తమన్‌కు నేను మొక్కేది అందుకే.

2022లో మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటిస్థలం ప్రకటించింది. 2024 మేలో పత్రికల్లో ఒక ఫొటో: హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఇల్లు కడుతున్న చోట కూలిపని చేస్తున్న మొగులయ్య.

ఆ ఫొటో చూసి నాకు పట్టరాని కోపం వచ్చింది. బిరుదిచ్చాం, డబ్బు ప్రకటించాం, చేతికి పని మాత్రం చూపలేదు. వంశం చెప్పించుకునే వాకిళ్లు తగ్గిపోయాక కిన్నెర ఎవరి ముందు మోగాలి? నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల సర్కారు బళ్లలో వారానికో రోజు కిన్నెర పాఠం పెట్టండి. నేర్పే డక్కలి కళాకారుడికి టీచరుకిచ్చినట్టే నెలనెలా జీతమివ్వండి. మొగులయ్య ఉండగానే మొదలుపెట్టండి.