పుంజుకి స్ట్రా ఎందుకు లేదు?

జంగారెడ్డిగూడెం దాటగానే రోడ్డుకి రెండు పక్కలా పామాయిల్ తోటలు మొదలవుతాయి. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. మట్టిబాట పట్టుకుని తోటలోపలికి నడవండి. ముందు కూతలు వినిపిస్తాయి. ఒకటి ఆగేలోపే ఇంకోటి అందుకుంటుంది. తర్వాత రేకుల షెడ్డు, దాని ముందు ఒకదానికొకటి అందనంత ఎడంగా కాలికి తాడు కట్టిన అసీలు జాతి పందెం పుంజులు. కాకి డేగ, నెమలి, సేతు, అబ్రాసు. కూత వినే ఏది ఎవరిదో చెప్పగలిగినవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు.

పెంపకందారు ఒక పుంజుని చంకలో ఇరికించుకుని, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెడుతున్నాడు. తర్వాత గుడ్డ పక్కన పడేసి ఉత్త అరచేత్తో నిమురుతాడు. మెడ దగ్గర మొదలై వీపు మీదుగా తోక మొదలు దాకా, మళ్లీ మెడ దగ్గరికి. పుంజు కళ్లు అరమూతలు పడ్డాయి. ఈ నిమురుడు మనకి మళ్లీ అవసరమవుతుంది.

షెడ్డు వెనక గంపల కింద పెట్టలున్నాయి. ఒక పెట్ట మాత్రం దూరంగా, వేరే గంప కింద.

"దీన్నెందుకండీ విడిగా పెట్టారు?"

"డేగకి వెయ్యాల్సిన పెట్టండి అది. మొన్నటిదాకా ఇంకో పుంజుతో తిరిగింది. మూడు వారాలు ఎడం పెట్టకపోతే పిల్లలు ఎవరివో ఎలా తెలుస్తుందండీ?"

ఆయన లెక్క సరైనదే. పుంజు ఒక్కసారి తొక్కితే, పెట్ట కడుపులో గుడ్డు దిగే దారి గోడల్లో కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలు ఆ వీర్యకణాలను దాచుకుంటాయి. రెండు మూడు వారాల పాటు రోజూ దిగే గుడ్డుకి కొన్ని కొన్ని వదులుతాయి. ప్రయోగశాలల్లో మనుషులు ఇంత కష్టపడి చేసే నిల్వ పనిని పెట్ట తన ఒంట్లో, 41 డిగ్రీల వేడిలో, ఏ మందూ లేకుండా చేసుకుంటోంది. ఇది తలుచుకున్న ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

అంతలో బాట మీద మోటారు సైకిల్ చప్పుడు. పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర. పక్క పాకలో గేదె ఎదకొచ్చింది, సూది వెయ్యాలి. బండికి కట్టిన కంటెయినర్ మూత తీస్తే తెల్లటి ఆవిరి పొంగి కింద పాకుతుంది. లోపల ద్రవ నత్రజని, మైనస్ 196 డిగ్రీలు. పటకారుతో సన్నటి స్ట్రా ఒకటి పైకి తీసి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి, తుడిచి, గన్‌లో ఎక్కిస్తాడు. ఎప్పుడో సేకరించిన దున్న వీర్యం ఈ రోజు ఈ పాకలో పనిచేస్తుంది. ఈ ఊళ్లలో దాన్ని వింతగా చూసేవాళ్లు ఎవరూ లేరు.

మరి కోడికి సూది ఎందుకు లేదు? పెంపకందారు అడిగిన ఈ ప్రశ్న వెనక చాలా కథ ఉంది.

ఇప్పటి పద్ధతిలో ముందు గడ్డకట్టి బతికి బయటపడింది పుంజు వీర్యమే. 1940ల చివర్లో లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధనా సంస్థలో క్రిస్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ పండ్ల చక్కెర కలిపి వీర్యాన్ని గడ్డకట్టించాలని చూసేవారు. ఏదీ బతికేది కాదు. కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు, నిల్వలో ఉన్న ఒక సీసాలోని ద్రావణంతో కణాలు కరిగాక కూడా చకచకా కదిలాయి. సీసాలో మిగిలిన కాస్త ద్రావణాన్ని పరీక్ష చేయిస్తే అందులో చక్కెరే లేదు. గ్లిజరిన్, గుడ్డు తెల్లసొనలో ఉండే ఆల్బుమిన్. గాజు పలకకి కణజాలాన్ని అతికించే జిగురు అది. ఎక్కడో చీటీలు మారిపోయాయి. 1949లో ఈ ఫలితం 'నేచర్' పత్రికలో వచ్చింది. ఇంకో రెండు మూడేళ్లకే అదే గ్లిజరిన్ ఆబోతుల వీర్యానికి పనికొచ్చింది. ఇప్పుడు గోపాలమిత్ర మోస్తున్న కంటెయినర్ ఆ సీసా పుణ్యమే.

దారి చూపించిన పుంజు మాత్రం వెనకబడిపోయింది. కారణం అదే గ్లిజరిన్. ఆవు గర్భాశయంలో అది హాని చెయ్యదు. పెట్ట కడుపులో చేస్తుంది. వీర్యకణాలు బతికే ఉన్నా గ్లిజరిన్ ఉన్నంతసేపు గుడ్డు ఫలించదు. ఆ సన్నటి గొట్టాల్లో నిల్వే సరిగా జరగదు. కరిగించాక గ్లిజరిన్‌ని కడిగి తీసెయ్యాలి, అలా కడిగేటప్పుడు కణాలు దెబ్బతింటాయి. పాకలోకి వచ్చి ఐదు నిమిషాల్లో ముగించే పని కాదది.

ఇప్పుడు రాత్రి బస్సెక్కండి. అశ్వారావుపేట, సత్తుపల్లి, ఖమ్మం మీదుగా తెల్లారేసరికి హైదరాబాద్. అక్కణ్నించి రాజేంద్రనగర్. వనరాజా, గ్రామప్రియ కోళ్లు పుట్టిన కోళ్ల పరిశోధనా సంచాలనాలయం ఇక్కడే ఉంది. అసీలు, ఘాగస్, కడక్‌నాథ్, నికోబారీ లాంటి దేశవాళీ జాతుల్ని పెంచుతూ, వాటి వీర్యాన్ని గడ్డకట్టించే పద్ధతుల మీద ఇక్కడి శాస్త్రవేత్తలు ఏళ్లుగా పనిచేస్తున్నారు.

పని ఎలా సాగుతుందో దగ్గరగా నిలబడి చూడండి. అసీలు పుంజుకి కొన్ని గంటల ముందునుంచే మేత పెట్టరు, రెట్ట కలిస్తే వీర్యం పాడవుతుంది కనుక. ఒకరు రెండు కాళ్లూ పట్టుకుంటారు. ఇంకొకరు అరచేత్తో వీపు మీద, రెక్కల దగ్గర్నుంచి తోక దాకా నిమురుతారు. ఒకసారి, రెండుసార్లు. తోక పైకి లేస్తుంది. అదే చేత్తో తోకని వెనక్కి మడిచి, బొటనవేలూ చూపుడువేలూ ద్వారానికి రెండు పక్కలా పెట్టి మెల్లగా నొక్కుతారు. తెల్లగా, చిక్కగా ఒక చుక్క జారి గాజు గరాటాలో పడుతుంది. అర మిల్లీలీటరు వస్తే బాగా వచ్చినట్టే. అందులోనే వందల కోట్ల కణాలు. అమెరికాలో బరోస్, క్విన్ ఈ పద్ధతిని 1930లలో ప్రచారంలోకి తెచ్చారు. మీరు మాత్రం ఆ నిమురుడుని పామాయిల్ తోటలో చూసే వచ్చారు. పుంజుకి చెయ్యి అలవాటు కావాలి. రోజూ పట్టుకునే మనిషి మారితే బెదిరి చుక్క కూడా ఇవ్వదు. ఏ యంత్రమూ చెయ్యలేని పని ఇది. దీనికి కావాల్సిన ఓపిక ఉన్న చేతులు ఏలూరు జిల్లా మెట్టలో ఎన్ని షెడ్లుంటే అన్ని జతలున్నాయి.

చుక్కని మైక్రోస్కోపు కింద పెడతారు, అదీ వెచ్చబెట్టిన పలక మీద. ఆబోతు వీర్యకణం తల వెడల్పుగా ఉంటుంది. కోడిది తలా తోకా ఒకే మందంలో, నూలుపోగులా ఉంటుంది. ఇంత పొడుగ్గా, ఇంత సన్నగా ఉండటమే దాని ఇబ్బంది. లోపల నీళ్లు మంచు స్ఫటికాలుగా మారితే పొర ఎక్కడో ఒకచోట చిరిగిపోతుంది. గ్లిజరిన్ వద్దనుకున్నవాళ్లు డైమిథైల్ సల్ఫాక్సైడ్, డైమిథైల్ అసిటమైడ్ లాంటి వేరే రక్షక ద్రవ్యాలు వాడి చూస్తున్నారు. వీటిని కడగాల్సిన అవసరం లేదు. కానీ ఎక్కువైతే ఇవే విషం.

చల్లార్చిన వీర్యాన్ని రక్షక ద్రవ్యంతో కలిపి స్ట్రాల్లో నింపుతారు. థర్మోకోల్ పెట్టెలో ద్రవ నత్రజని. ఆ ద్రవానికి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున, ఆవిరిలో స్ట్రాలు అడ్డంగా పడుకుంటాయి. అరగంట. ఎవరూ తొందరపడరు. ఆ తర్వాతే లోపలికి ముంచుతారు. బయటికి తీసేటప్పుడు గోరువెచ్చటి నీళ్లు కాదు, మంచునీళ్లు. ఐదు డిగ్రీల దగ్గర సుమారు వంద సెకన్లు. మళ్లీ మైక్రోస్కోపు. ఇందాక సుళ్లు తిరిగిన కణాల్లో సగానికి పైగా కదలడం లేదు. చూస్తున్నవాళ్లకి మనసు చివుక్కుమంటుంది. అయినా మిగిలినవాటిని, పెట్ట ఆ రోజు గుడ్డు పెట్టేశాక, మధ్యాహ్నం దాటాక లోపలికి ఎక్కిస్తారు. పెంకుతో గుడ్డు అడ్డముంటే కణాలు పైకి పోలేవు మరి. ఆ పెట్టల గుడ్లు ఏరి పొదిగే యంత్రంలో పెడతారు. ఇరవై ఒకటో రోజున కొన్ని పగులుతాయి. కొన్ని పగలవు. తాజా వీర్యంతో వందకి ఎనభై తొంభై గుడ్లు ఫలించే చోట, గడ్డకట్టినదానితో ఒక్కో జాతికి, ఒక్కో ద్రవ్యానికి ఒక్కో ఫలితం. ఒకచోట సగం, ఇంకోచోట పదిలోపు.

ఇంత తక్కువ రాబడికి ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లకి 2025 ఫిబ్రవరి గుర్తుచెయ్యాలి. తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో, ఉంగుటూరు మండలం బాదంపూడిలో బర్డ్ ఫ్లూ బయటపడింది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్లే దారిలోనే బాదంపూడి. వైరస్ దొరికిన చోట చుట్టూ కిలోమీటరు పరిధిలో కోళ్లని చంపి పూడ్చెయ్యాలన్నది నియమం. ఆ నియమం తప్పు కాదు. కానీ గుంటలోకి వెళ్లే కోళ్లలో ఫారం కోళ్లతో పాటు పెరట్లో తరాలుగా నిలిచిన జాతి పుంజు కూడా ఉంటుంది. ఫారం కోడిని హేచరీ నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చు. ఆ పుంజు రక్తం ఇంకెక్కడా లేకపోతే అదే ఆఖరు. దాని స్ట్రాలు ఇరవై దాచి ఉంటే కథ వేరే. కత్తి కట్టి పుంజుల్ని చంపించే పందేలను నేను సమర్థించను, చట్టమూ ఒప్పుకోదు. అయినా అసీలు ఇన్నాళ్లు చెడకుండా నిలిచింది ఈ పెంపకందార్ల పట్టుదల వల్లేనని ఒప్పుకోకపోతే అన్యాయం.

స్ట్రాలో ఉండేది మాత్రం సగమే. కోడి గుడ్డు అంత పచ్చసొనతో ఉంటుంది కనుక దాన్ని గడ్డకట్టించి బతికించలేరు. పైగా మనుషుల్లో మగబిడ్డా ఆడబిడ్డా అన్నది తండ్రి క్రోమోజోమ్ తేలుస్తుంది, పక్షుల్లో తల్లిది. ఆడపిల్లని ఆడపిల్లగా చేసే డబ్ల్యూ క్రోమోజోమ్ పెట్ట దగ్గరే ఉంది, వీర్యంలో లేనే లేదు. వేరే జాతి పెట్టలకి దాచిన వీర్యం ఎక్కించి, పుట్టిన ఆడపిల్లలకి మళ్లీ అదే వీర్యం ఎక్కించి, ఏడు తరాలు ఇలా చేస్తే రక్తం దాదాపు పాతజాతిదే అవుతుంది. తల్లి వరస మాత్రం పరాయిదే. అందుకే స్ట్రాల బ్యాంకు పెట్టి పెట్టల్ని అమ్మేసుకుంటే ఏమీ దక్కదు. రెండూ ఉండాలి.

రాజేంద్రనగర్‌కి దగ్గర్లోనే అత్తాపూర్. అక్కడ సీసీఎంబీ వారి లాకోన్స్, అంటే అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల కోసం పెట్టిన ప్రయోగశాల. ఇక్కడి బృందం పక్షుల వైపు మొదలుపెట్టింది మన గుళ్ల గోపురాల మీద వాలే మామూలు పావురంతో. దాని వీర్యం తీసి, గుణాలు పరీక్షించి, గడ్డకట్టించి, కృత్రిమ గర్భధారణ చేసిన పనిని 2004లో ప్రచురించారు. దొరికేది కొన్ని మైక్రోలీటర్లే. అరుదైన పక్షి మీద చెయ్యి వెయ్యడానికి ముందు మామూలు పక్షి మీద చెయ్యి తిరగాలి. అమెరికాలో జార్జ్ గీ బృందం శాండ్‌హిల్ క్రేన్ కొంగల మీద ఏళ్లపాటు చేసిందీ ఇదే.

అలాంటి అరుదైన పక్షే బట్టమేక పిట్ట. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డి మైదానాల్లో దానికోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. అప్పట్లో అక్కడ పదుల సంఖ్యలో ఉండేవి. ఇప్పుడు ఆ గడ్డిలో అవి కనిపించడం లేదు. దేశమంతటా అడవిలో బతికున్నవి నూటయాభైకి మించవని అంచనా. ఆడది ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒకే గుడ్డు.

రాజస్థాన్ ఎడారిలోకి చూడండి. 2024 సెప్టెంబర్. రామ్‌దేవ్‌రా బట్టమేకల పెంపక కేంద్రంలో సుదా అనే మగ పక్షి. అసీలు పుంజులా దాన్ని పట్టుకుని నిమిరే వీలు లేదు. పది కిలోలు దాటే, చిన్న చప్పుడుకే బెదిరే పక్షి. అందుకే ఆడపక్షి బొమ్మని ముందు పెట్టి, దాని మీదికి ఎక్కేలా నెలల తరబడి అలవాటు చేశారు. అబూదాబీలో హౌబారా పక్షులకి ఇలాగే చేసేవారి దగ్గర మనవాళ్లు నేర్చుకున్న పద్ధతి ఇది. తీసిన వీర్యాన్ని దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని సుదాసరి కేంద్రానికి చేర్చారు. సెప్టెంబర్ 20న టోనీ అనే ఆడ పక్షికి ఎక్కించారు. 24న గుడ్డు. అక్టోబర్ 16న పిల్ల. బట్టమేకల్లో కృత్రిమ గర్భధారణతో పుట్టిన మొదటి పిల్ల అది. అందులో వాడింది తాజా వీర్యం. తర్వాతి అడుగుగా ఆ కేంద్రాల వాళ్లు చెప్పింది వీర్యం బ్యాంకు. అంటే రాజేంద్రనగర్ థర్మోకోల్ పెట్టె దగ్గర చూసిన ఆ అరగంట ఆవిరి, ఆ మంచునీళ్లు అక్కడా కావాలి. అక్కడ మాత్రం సగం కణాలు చచ్చిపోతే మళ్లీ తీద్దామనుకోవడానికి మగ పక్షులు చాలినన్ని లేవు.

పక్షులు దండిగా ఉన్నప్పుడే దాచడం మొదలుపెట్టాలని నేను గట్టిగా అనుకోవడానికి కారణం ఇదే. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో ఇప్పుడు ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటున్నాయి. ఎంత చూసినా తరగనన్ని ఉన్నట్టే అనిపిస్తుంది. 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వెలుగులోకి తెచ్చిన గూడబాతుల ఆవాసం చాలా పెద్దది. తర్వాతి దశాబ్దాల్లో అది ఖాళీ అయిపోయింది.

గూడబాతుకి ఎవరి చెయ్యీ అలవాటు లేదు. అసీలుకి ఉంది. మొదలుపెట్టాల్సింది అక్కడే. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పద్ధతి ఉంది, ఊరూరా తిరిగే కంటెయినర్లు ఉన్నాయి. ముందుగా కావాల్సింది ఒక పట్టిక. ఏ షెడ్డులో, ఏ రంగు పుంజు, ఏ పెట్టకి పుట్టింది, దాని తాత ఎవరు. అదంతా ఇప్పుడు పెంపకందార్ల నోట్లోనే ఉంది. ఒకే తండ్రి కొడుకుల వీర్యం వంద స్ట్రాలు దాచినా ఒక్క పుంజుని దాచినట్టే కనుక, ఈ వంశాలు తెలియకుండా ఏ పుంజుని ఎంచుకోవాలో తేలదు. సంక్రాంతి లోపు ఆ పట్టిక రాసుకోవాలి. బరిలో దిగాక తండ్రి పుంజుల్లో ఎన్ని తిరిగొస్తాయో ఎవరూ చెప్పలేరు.