ఒంటికి పూసే నూనె – చేలోని బలురక్కసి

పండుగనాడు తలంటి పోసుకునేటప్పుడు మనం ఒంటికి నువ్వుల నూనె పట్టిస్తాం. బెంగాలులో, బీహారులో ఆ పనికి ఆవనూనె వాడతారు. పసిబిడ్డలకు మర్దన కూడా దానితోనే. నూనె మంచిదే, కాని గానుగలో ఏ గింజ పడిందన్నదే అసలు సంగతి. ఇది తెలుసుకోవడానికి మన దేశానికి చాలా ఏండ్లు పట్టింది.

1877లో కలకత్తాలో ఒక వింత వ్యాధి చెలరేగింది. కాళ్ళు వాచేవి, ఆయాసం వచ్చేది, గుండె నీరసించి కొందరు చనిపోయేవారు. బెరిబెరి అన్నారు కొందరు. చెడిన బియ్యమే కారణమన్నారు మరికొందరు. ఏండ్ల తరబడి నేరం బియ్యం మీదనే మోపారు. 1926లో సర్కార్ అనే వైద్యుడు ఆవనూనెలో కలిసిన బలురక్కసి నూనెను అనుమానించారు. 1937లో లాల్, రాయ్ అనే పరిశోధకులు ఆ అనుమానానికి బలమైన ఆధారాలు చూపారు.

బలురక్కసి మీకు తెలియనిది కాదు. పిచ్చికుసుమ అని కూడా అంటారు. ముళ్ళ ఆకులు, పసుపుపచ్చని పూలు, తుంచితే పచ్చని పాలు. అమెరికా ఖండంనుంచి వచ్చి మన బీళ్ళలో, గట్లమీద స్థిరపడింది. ఆవ పంట కోతకు వచ్చే రోజులలోనే దీని గింజా పండుతుంది. అందులోని సాంగ్వినారిన్ అనే విషం సన్నని రక్తనాళాలను సడలించి, నీరు బయటకు ఊరేట్లు చేస్తుంది. ఆ వాపు అందుకే.

తినకుంటే చాలు, పూసుకుంటే ఏమవుతుందిలే అనుకుంటారేమో! అలా అనుకోవద్దు. కల్తీ నూనెతో మర్దన చేసుకున్నవారికి చర్మం గుండానే విషమెక్కి ఈ జబ్బు వచ్చినట్లు 1985లో వైద్యులు ప్రకటించారు. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె తిని 60 మందికి పైగా చనిపోయారు.

మరి మన చేతిలో ఉన్నదేమిటి? గింజ కట్టకముందే బలురక్కసిని వేళ్ళతో పీకివేయండి. ఆవగింజ నున్నగా ఉంటుంది. బలురక్కసి గింజ నల్లగా, గుంటలు గుంటలుగా ఉంటుంది. భూతద్దంతో చూస్తే తేడా తెలుస్తుంది. గ్రామ సేవకులు రెండు గింజలనూ పక్కపక్కన పెట్టి రైతులకు చూపాలి. నూనెగా మారాక కంటికి తెలియదు. ప్రయోగశాలలో నత్రికామ్లంతో పరీక్షించాలి. ఇంట్లో ఒకరిద్దరికి ఒక్కసారే కాళ్ళు వాస్తే ఆ నూనె మానివేసి, సీసాతో సహా ఆసుపత్రికి వెళ్ళండి. ఆలస్యం చేయకండి.