రాష్ట్ర ప్రభుత్వమునకు న్యాయ సలహాదారు

శాసనసభలో సభ్యుడు కాకయే మాటాడు హక్కు గలిగి, ఓటు మాత్రము లేని అధికారి యొకడున్నాడు. ఆయనయే అడ్వొకేటు జనరలు. రాజ్యాంగములోని 165, 177 అనుచ్ఛేదములు ఆయనకు ఈ స్థానమును కల్పించినవి.

పేరు మనకు క్రొత్త కాదు. మద్రాసులో ఆంగ్లేయుల నాటినుండియు ఈ పదవి కలదు. నెల్లూరు జిల్లా పుదూరులో 1883లో పురోహితుని యింట బుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు 1929 నుండి 1944 వరకు దానిని నిర్వహించి, పిమ్మట రాజ్యాంగ ముసాయిదా సంఘములో కూర్చుండిరి.

హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత గలవానినే గవర్నరు నియమింపవలెను. మరి న్యాయమూర్తుల వయోపరిమితి ఈయనకును వర్తించునా? ఆనాడు వారు 60 ఏండ్లకే విరమించెడివారు. నాటి మధ్యప్రదేశ్ అడ్వొకేటు జనరలు నియామకముపై ఈ వివాదమే వచ్చినది. వయస్సు పదవీకాలమునకు సంబంధించినదే గాని అర్హతకు గాదని 1952లో నాగపూరు హైకోర్టు తీర్పు చెప్పినది.

ఈయన పదవీకాలమో, గవర్నరు ఇష్టమున్నంతవరకే. ఆ యిష్టము ఆచరణలో మంత్రివర్గముదే. తన్ను నియమించినవారితోనే “మీరు చేయబోవునది చట్టవిరుద్ధము” అని చెప్పవలసినవాడు మరునాడే తొలగింపబడవచ్చును. న్యాయమూర్తికున్న రక్షణ ఆయనకు లేదు. కత్తిమీద సామే యని మా తలంపు. పోనీ, ఆయన సలహాను ప్రభుత్వము పాటించి తీరవలెనన్న నియమమును లేదు. అయినను 1971 నాటి కోర్టు ధిక్కార చట్టము ప్రకారము, సామాన్యుడెవడైనను హైకోర్టులో క్రిమినలు ధిక్కార ఫిర్యాదు తేవలెనన్న ఆయన వ్రాతపూర్వక సమ్మతి కావలెను. అది యిచ్చుటయో మానుటయో ఆయన నిర్ణయమే, మంత్రివర్గముది కాదు.