దాతకు పావు వంతు

తిరుమల ఆలయంలో, కింద తిరుపతి గోవిందరాజస్వామి గుడిలో గోడల నిండా శాసనాలే. అన్నీ కలిపితే వెయ్యికి పైమాటే. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పూనికతో వాటి నకళ్లు తీశారు, పాఠాలు పరిష్కరించారు. 1930లలో దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది. వాటిలో ఎక్కువ భాగం తమిళం, కొన్ని తెలుగు, కన్నడం. దానశాసనం అనగానే దాత తన గొప్ప చెప్పుకోవడానికి చెక్కించుకున్న రాయి అనుకుంటాం. విజయనగర కాలపు తిరుమల శాసనాలు చాలావరకు అలాంటివి కావు. వాటిలో మాట్లాడేది పుచ్చుకున్నవాళ్లు. ఆలయ వ్యవహారం చూసే స్థానత్తారు దాత పేరిట రాసిచ్చిన పత్రాలవి. నువ్వు ఇన్ని పణాలు శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, కట్టావు గనక, ఆ సొమ్ముతో ఫలానా పని చేయిస్తాం, దాని రాబడితో ఫలానా నైవేద్యం పెడతాం, అందులో నీ వంతు ఇంత అని ఒప్పుకుంటూ పోతాయి. దాతలు ఒకసారి ఇచ్చి మళ్లీ కనబడరని ఈనాటి సేవాసంస్థలు తలపట్టుకుంటున్నాయి. కృతజ్ఞతాపత్రాలు, పండగ శుభాకాంక్షలు, పుట్టినరోజు సందేశాలతో వాళ్లను పట్టి ఉంచాలని చూస్తున్నాయి. అయిదు వందల ఏళ్ల కిందట తిరుమలలో దాతల కుటుంబాలు తరాల తరబడి గుడిని అంటిపెట్టుకుని ఉండటానికి పొగడ్త కారణం కాదని, గుడి తన మెడకు తానే తగిలించుకున్న బాధ్యత కారణమని ఈ రాళ్లు చదివితే తెలుస్తుంది.

ఒక పత్రం ఎలా నడుస్తుందో చూడండి. ముందు రాజు పేరు, శకసంవత్సరం, నెల, తిథి, నక్షత్రం. తర్వాత దాత ఎవరు, ఎవరి కొడుకు, లేదా ఎవరి కూతురు. కట్టిన సొమ్ము ఎంత. ఆ సొమ్మును దేవుడి మాన్యపు గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టాలన్న షరతు. ఆ నీటితో పెరిగిన పంటలోంచి రోజూ గానీ, ఫలానా ఉత్సవాల్లో గానీ పెట్టాల్సిన నైవేద్యం. ఇక అక్కడి నుంచి వంటింటి జాబితా మొదలవుతుంది: బియ్యం ఇన్ని మరక్కాలు, నెయ్యి ఇన్ని నాళులు, పెసరపప్పు, ఉప్పు, మిరియాలు, పెరుగు, బెల్లం, చందనం, వక్కలు, తమలపాకులు. అతిరసాలైతే ఎన్ని, వడలైతే ఎన్ని. నివేదన అయ్యాక ఆ ప్రసాదంలో దాతకు నాలుగో వంతు. మిగతాది గుడిలోని పంపకానికి. ఈ ఏర్పాటు దాత సంతతి ఉన్నంతకాలం, సూర్యచంద్రులు ఉన్నంతకాలం చెల్లుతుందని హామీ. చివర ఆలయ కరణం తిరునిన్రయూరుడైయాన్ రాసినట్టు పేరు, శ్రీవైష్ణవుల రక్ష. చదవడానికి ఇంత నీరసంగా ఉండే రాత మరొకటి దొరకదు. కానీ ఆ నీరసంలోనే దాని సత్తువ ఉంది. నెయ్యి ఎంత పోయాలో రాయి మీద ఉంటే, తగ్గించినవాడిని మనవడైనా నిలదీయగలడు.

నాలుగో వంతు చేసే పని పైకి కనిపించేదానికన్నా పెద్దది. కట్టిన రోజుతో దానం ముగిసిపోకుండా ఆ వంతు ఆపుతుంది. రోజూ నైవేద్యం జరిగితేనే రోజూ వంతు వస్తుంది. వంతు రాలేదంటే ఎక్కడో కాలువ పూడింది, లేదా భండారంలో ఎవరో చెయ్యి పెట్టారు. కాబట్టి దాత ఇంటివాళ్లు ఏ లెక్కల పుస్తకమూ తిరగెయ్యకుండానే గుడి నడకను కనిపెట్టి ఉండేవాళ్లు. సొమ్మును వడ్డీకి తిప్పకుండా చెరువులో పెట్టడంలోనూ జాగ్రత్త ఉంది. అప్పు పుచ్చుకున్నవాడు దివాలా తీయవచ్చు. తవ్విన కాలువ, నిర్వహణ ఉన్నంతవరకు, ఏటా పంటనిస్తుంది. మధ్యయుగపు ఆలయం ఆర్థిక వ్యవస్థగా ఎలా పనిచేసిందో చెబుతూ చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో తిరుపతిని ఉదాహరణగా తీసుకున్నది ఈ కారణం చేతనే.

ఈ తెలివి తిరుమలతో మొదలు కాలేదు. అంతకు కొన్ని శతాబ్దాల ముందే గోదావరి డెల్టాలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో, ఆంధ్రదేశపు ఇతర గుళ్లలో అఖండదీపం పెట్టిన దాతలు ఇదే దారిలో నడిచారు. దీపానికి నెయ్యి కావాలి, నెయ్యికి పశువులు కావాలి. దాత పాతిక ఆవులో, యాభై గొర్రెలో ఇస్తాడు. అవి గుడి పెరట్లో ఉండవు. ఒక బోయకు, అంటే పశువులు కాచే అతనికి, అప్పగిస్తారు. రోజూ కొలత ప్రకారం నెయ్యి తెచ్చి పోసే బాధ్యత అతనిది, అతని తర్వాత కొడుకులది, మనవలది. శాసనంలో దాత పేరు పక్కనే ఆ బోయ పేరూ ఉంటుంది. ఇచ్చిన రాజబంధువు, నెయ్యి పోసే పశులకాపరి ఒకే రాయి మీద కనిపించడం ఆ సమాజంలో చిన్న సంగతి కాదు. దాన్ని సమానత్వం అనుకుంటే తొందరపాటే అవుతుంది. ఆ పేరు అక్కడికి ఎక్కింది గౌరవం కోసం కాదు, నెయ్యి రాకపోతే ఎవరిని అడగాలో తెలియడం కోసం.

తిరుమలలో ఈ కట్టు దాతలను ఎంత దగ్గరగా ఉంచిందో పెద్ద పేర్లలో సులువుగా కనబడుతుంది. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరిలో తొలిసారి కొండకు వచ్చి నవరత్న కిరీటం, హారతికి వెండి పళ్లేలు సమర్పించాడు. రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి పాలారగింపుకు బంగారు గిన్నెలు ఇచ్చారు. అదే ఏడు మరో రెండుసార్లు వచ్చాడు. 1521 దాకా మొత్తం ఏడు యాత్రలు. 1514లో ముప్పై వేల వరహాలతో కనకాభిషేకం చేసినప్పుడే తాళ్లపాక గ్రామాన్నీ స్వామికి ఇచ్చాడు. కిరీటం కంటే ఆ గ్రామమే నాకు ముఖ్యంగా తోస్తుంది. కిరీటం పెట్టెలో ఉంటుంది. గ్రామం ఏటా పండుతుంది, ఏటా ఇచ్చినవాడిని గుర్తు చేస్తుంది. అంతకు చాలా ముందు పల్లవ వంశపు సామవాయికీ ఈ సంగతి తెలుసు. వెండితో స్వామి ప్రతిమ చేయించి ఊరుకోలేదు, దాని పూజకూ ఉత్సవాలకూ భూమి కూడా కొని ఇచ్చింది. ఏకాంతసేవ ఇప్పటికీ ఆ భోగ శ్రీనివాసమూర్తికే జరుగుతోంది.

మరి దీన్ని దానం అనడమెలా అని అడిగేవాళ్లుంటారు. తిరిగి వంతు పుచ్చుకుంటే అది పెట్టుబడి కదా? ఈ ప్రశ్నలో బలం ఉంది. నాలుగో వంతు ప్రసాదాన్ని యాత్రికులకు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు, ఆ హక్కు చేతులు మారిన సందర్భాలూ ఉన్నాయి. అయితే చాలామంది దాతలు ఆ వంతును తమ ఇంటికి తీసుకుపోలేదు. సాళువ నరసింహుడు తిరుమలలో, తిరుపతిలో రామానుజకూటాలు పెట్టించాడు. యాత్రికులకు అన్నం పెట్టే సత్రాలవి. కందాడై రామానుజయ్యంగారు వాటి అధిపతి. నరసింహుడు తన దానాల్లో తనకు రావాల్సిన ప్రసాదపు వంతును ఆ కూటాలకే రాయించాడు. ఇతరులు మఠాలకు, ప్రబంధం పారాయణ చేసేవాళ్లకు, తోటల్లో పనిచేసేవాళ్లకు రాసిచ్చారు. అలా ఒక దానం కడుపులోంచి ఇంకో దానం పుట్టింది. వంతు ఎవరికి చేరాలో చెప్పే అధికారం మాత్రం దాత చేతిలోనే ఉండిపోయింది. లాభం కన్నా ఈ అధికారమే వాళ్లను కట్టి ఉంచింది.

ఇదంతా రాజుల రాజకీయమేనన్నది రెండో అభ్యంతరం. సాళువలకూ తుళువలకూ సింహాసనం వారసత్వంగా స్థిరపడినది కాదు గనక, దేవుడి పక్కన నిలబడి తమ పాలనకు ఒప్పుదల తెచ్చుకున్నారన్న మాట నిజమే. కానీ ఆ వాదన రాజు దగ్గరే ఆగిపోతుంది. తిరుమల దాతల్లో వర్తకులున్నారు, ఆచార్యులున్నారు, గుడి కొలువులో ఉన్నవాళ్లున్నారు, ఆడుతూ పాడుతూ కొలువు చేసిన సానులున్నారు. తాళ్లపాక వారినే చూడండి. అన్నమాచార్యుల కొడుకు పెదతిరుమలాచార్యుడి కాలానికి ఆ కుటుంబం కొండ మీది పెద్ద దాతల్లో ఒకటి. రాజుల నుంచి పుచ్చుకున్న గ్రామాలను స్వామికి ఇచ్చి, వాటి మీద నైవేద్యాలూ ఉత్సవాలూ ఏర్పాటు చేశారు. కీర్తనలు చెక్కించిన రాగిరేకులు భద్రపరిచిన సంకీర్తన భండారం కూడా గుడి లోపలే. పాట పాడేవాళ్లు దాతలు కావడం, దాతలు గుడి నడపడంలో పాలుపంచుకోవడం ఒకే అల్లికలో జరిగిపోయాయి. సింహాసనం ఊసే లేని సాని కూడా తాను కూడబెట్టుకున్న పణాలు కట్టి అదే నాలుగో వంతు, అదే సూర్యచంద్రుల హామీ రాయించుకుంది. రాజకీయం ఆమె విషయంలో ఏమీ చెప్పలేదు.

మూడో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. దేవుడి గ్రామంలో నడుం వంచి దున్నినవాడి పేరు ఈ పత్రాల్లో కనబడదు. కాలువ ఎవరి సొమ్ముతో తవ్వారో ఉంటుంది, ఎవరు తవ్వారో ఉండదు. పంటలో భండారానికి చేరిన భాగం ఎంత బరువుగా పడిందో దాత పత్రంలో వెతికితే దొరకదు. గుడి లోపలికి అడుగు పెట్టనివ్వని కులాలవాళ్లు పండించిన ధాన్యమే గర్భగుడి దాకా వెళ్లి, నాలుగు వంతులై బయటికొచ్చింది. దాతకూ గుడికీ మధ్య నమ్మకం ఎంత పకడ్బందీగా కుదిరినా, ఆ ఒప్పందంలో మూడో మనిషి సంతకం లేదు. ద్రాక్షారామంలో బోయ పేరైనా రాశారు.

సూర్యచంద్రులదాకా అన్న హామీ అంతకాలం నిలవలేదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత రాజ్యం చెదిరింది. కొత్త దానాలు పలచబడ్డాయి. పాతవి చెడింది దాతలు మరిచిపోయినందువల్ల కాదు. గోలకొండ, ఆ తర్వాత ఆర్కాటు నవాబుల పాలనలో గ్రామాల మీద పట్టు చేతులు మారుతూ పోయింది. ఊరు పోయాక దాని మీద ఆధారపడ్డ నైవేద్యమూ పోయింది. కర్ణాటక యుద్ధాల ఖర్చుల్లో మునిగిన నవాబు తిరుపతి రాబడిని ఇంగ్లీషు కంపెనీకి తన బాకీ కింద వదిలాడు. 1801లో కంపెనీ నేరుగా పాలన చేపట్టింది. 1803లో చిత్తూరు కలెక్టరు స్ట్రాటన్ ఆలయ ఆదాయవ్యయాల మీద నివేదిక పంపాడు. అప్పటికి గుడిని నిలబెడుతున్నది భూమి రాబడి కాదు, యాత్రికులు మొక్కు చెల్లించుకునే కానుకలు. కానుక వేసినవాడి పేరు ఎవరూ అడగరు, అతనికి ఎవరూ ఏమీ రాసివ్వరు. ఖర్చులు పోను మిగిలినది 1843లో హథీరాంజీ మఠం మహంతులకు పాలన అప్పగించేదాకా కంపెనీ ఖజానాకు చేరింది. వచ్చేవాళ్లు ఏటా వస్తూనే ఉన్నారు గనక దాతను నిలుపుకోవాల్సిన అవసరమే పాలకులకు కనపడలేదు. భక్తి ఎక్కువైన చోట జవాబుదారీ సన్నగిల్లడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు తెలీదు.

1933లో దేవస్థానం కమిటీ ఏర్పడి మహంతుల పాలన ముగిసింది. 1985లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా నిత్యాన్నదాన పథకం మొదలైంది. విరాళాలను బ్యాంకుల్లో వేసి వడ్డీతో భోజనం పెట్టే ఆ పద్ధతి పాత చెరువు పద్ధతికి దగ్గరి చుట్టం: అసలు కదలదు, ఫలం ఖర్చవుతుంది. దాతలకు దర్శనం, ప్రసాదం వంటి సౌకర్యాలు ఇచ్చే ఆనవాయితీ కూడా నాలుగో వంతుకు దూరపు వారసత్వమే. కొత్త గుళ్లు కట్టించే శ్రీవాణి ట్రస్టుకు పది వేల రూపాయలు ఇస్తే బ్రేక్ దర్శనానికి అవకాశం దొరకడం మాత్రం వేరే జాతి. అక్కడ దాతకు దక్కేది ఒక పూట తీరిపోతుంది. కొత్త గుడి ఏ ఊళ్లో లేచిందో, గోపురం దాకా వచ్చిందో లేదో అతను కనుక్కోవాల్సిన పని లేదు, కనుక్కునే పట్టూ ఆ టికెట్టులో లేదు. పాత స్థానత్తారైతే ఆ ఊరి పేరు, సున్నం, ఇటుకల లెక్క, పూజారి జీతం అన్నీ ముందే రాసి, చివర కరణం పేరు వేసి ఇచ్చేవాళ్లు.