అక్షరాల వీధి: ఒక టెలివిజన్ బడి చరిత్ర

1970 మే నెల తొలిరోజుల్లో అమెరికా పత్రికల్లో ఒక వార్త వచ్చింది. బడియీడు రాని పసిపిల్లలకు అక్షరాలూ అంకెలూ నేర్పే ఒక కార్యక్రమాన్ని తాము ప్రసారం చెయ్యబోమని మిసిసిపీ రాష్ట్ర విద్యా టెలివిజన్ సంఘం తీర్మానించిందన్నది ఆ వార్త. కార్యక్రమం పేరు 'సెసమీ స్ట్రీట్'. ఏ, బీ, సీలలో రాజద్రోహం లేదు. ఒకటి నుంచి పదిదాకా లెక్కపెట్టడంలో విప్లవం లేదు. మరి ఆ పెద్దలకు భయమెందుకు కలిగింది? నల్లపిల్లలూ తెల్లపిల్లలూ అంతగా కలిసిమెలిసి తిరిగే దృశ్యానికి తమ రాష్ట్రం ఇంకా సిద్ధంగా లేదని సంఘ సభ్యుడొకరు పేరు బయటపెట్టకుండా పత్రికకు చెప్పారు.

తీర్మానం నిలవలేదు. గొడవ బయలుదేరేసరికి నెల తిరక్కుండానే దాన్ని రద్దు చేసుకున్నారు. అయినా అది మనకు విలువైన చారిత్రక సాక్ష్యం. కార్యక్రమాన్ని తయారుచేసినవారూ, డబ్బిచ్చినవారూ, పరిశోధించినవారూ అందరూ అక్షరాల గురించీ అంకెల గురించీ మాట్లాడారు. శత్రువు మాత్రం వీధిని చూశాడు. ఒక సాంస్కృతిక కృషిలోని సారాన్ని మిత్రులకన్నా ముందు శత్రువులే పసిగట్టడం చరిత్రలో కొత్తకాదు.

ఆ భయాన్ని అర్థం చేసుకోవాలంటే తేదీలు చూడాలి. జాతినిబట్టి పిల్లలకు వేరు బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పింది. దక్షిణాది రాష్ట్రాలు పదిహేనేళ్ళపాటు ఆ తీర్పును చాలావరకు కాగితంమీదనే వుంచాయి. 1969 అక్టోబరు 29న అదే కోర్టు, మిసిసిపీ నుంచి వచ్చిన వ్యాజ్యంలోనే, ఇక జాప్యం చెల్లదనీ వేరు బడులను వెంటనే ఎత్తివెయ్యాలనీ ఆదేశించింది. సరిగ్గా పన్నెండు రోజులకు, నవంబరు 10న, సెసమీ స్ట్రీట్ తొలి ప్రసారం జరిగింది. తెల్లవాళ్ళలో కలిగినవారు తమ పిల్లల్ని ప్రభుత్వ బడుల నుంచి తప్పించి ప్రైవేటు 'అకాడమీ'లు పెట్టుకుంటున్న రోజులవి. బడి తలుపు మూసుకోవచ్చు. కాని సొంత ఇంట్లోని టెలివిజన్ పెట్టెలోంచి నల్లపిల్లలు నడిచివస్తే ఏ తలుపు మూసుకోవాలి?

ఈ కార్యక్రమం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1964లో అధ్యక్షుడు జాన్సన్ 'పేదరికంపై యుద్ధం' ప్రకటించాడు. 1965లో 'హెడ్ స్టార్ట్' పథకం కింద పేదపిల్లలకు బడికి ముందటి చదువూ, భోజనమూ, వైద్యమూ మొదలుపెట్టారు. ఇవి పాలకుల దయాదాక్షిణ్యాల వల్ల వచ్చినవి కావు. నల్లజాతి ప్రజలు సాగించిన పౌరహక్కుల పోరాటం వాటి వెనక వుంది. అయితే పాలకవర్గం ఒక సమస్యను ఒప్పుకునేటప్పుడు కూడా దాన్ని తనకు అనువైన రూపంలోనే ఒప్పుకుంటుంది. పేదపిల్లవాడు బడిలో ఎందుకు వెనకబడుతున్నాడు? తండ్రికి పని దొరక్క, దొరికిన పనికి జీతం చాలక, ఉన్న ఇల్లు ఇరుకై అనలేదు. వాడి ఇంట్లో 'సాంస్కృతిక లేమి' వున్నదన్నారు. లోపం వ్యవస్థ నుంచి పిల్లవాడి ఇంటికి బదిలీ అయింది. ఇక పరిష్కారం సులభం: ఆ ఇంట్లోకి అక్షరాలు పంపితే సరి!

పంపే సాధనం సిద్ధంగానే వుంది. అప్పటికే అమెరికాలో నూటికి తొంభైకి పైగా ఇళ్ళలో టెలివిజన్ వుంది. 1966లో న్యూయార్కు విద్యా టెలివిజన్‌లో పనిచేస్తున్న జోన్ గాంజ్ కూనీ ఇంట్లో ఒక విందు జరిగింది. కార్నెగీ సంస్థ ఉద్యోగి లాయిడ్ మోరిసెట్ ఆ విందుకు వచ్చాడు. తన మూడేళ్ళ కూతురు తెల్లవారుజామునే లేచి, ప్రసారాలు మొదలుకాకముందే, టెలివిజన్ మీద కనిపించే ఉత్త గీతల బొమ్మవైపు చూస్తూ కూర్చుంటోందని ఆయన చెప్పాడు. పసిపిల్లలు బీరు ప్రకటనల పాటలు పొల్లుపోకుండా పాడుతున్న సంగతి కూనీ గమనించింది. సారా వ్యాపారి నేర్పగలిగిన విద్యను ఉపాధ్యాయుడు ఎందుకు వాడుకోరాదు? ఈ ప్రశ్నలోనే కార్యక్రమ రహస్యమంతా వుంది.

1968లో 'చిల్డ్రన్స్ టెలివిజన్ వర్క్‌షాప్' ఏర్పడింది. దానికి సుమారు 80 లక్షల డాలర్లు సమకూరాయి. అందులో దాదాపు సగం కేంద్ర ప్రభుత్వ ధనం. మిగతాదానిలో పెద్దభాగం కార్నెగీ, ఫోర్డు సంస్థలది. ఉక్కు కార్ఖానాల్లోనూ మోటారు కార్ఖానాల్లోనూ పోగుపడిన ధనంలో ఒక చిన్న వాటా ఈ రూపంలో పిల్లల దగ్గరికి వచ్చిందన్నమాట. ఈ మాట అన్నంతమాత్రాన కార్యక్రమం విలువ తేలిపోదు. డబ్బు ఎవరిదన్నది ఒక ప్రశ్న, దానితో పనిచేసినవారు ఏం చేశారన్నది మరొక ప్రశ్న. రెంటినీ కలిపివేసే విమర్శ సోమరి విమర్శ.

వాళ్ళు చేసిన పని శ్రద్ధగలది. హార్వర్డు ఆచార్యుడు జెరాల్డ్ లెసర్ ఆధ్వర్యంలో 1968 వేసవిలో విద్యావేత్తలూ, మనస్తత్వ శాస్త్రజ్ఞులూ, రచయితలూ, బొమ్మలాడించేవాళ్ళూ ఒకచోట కూర్చుని ఏమేం నేర్పాలో తేల్చుకున్నారు. అక్షరాలు, అంకెలు మాత్రమే కాదు. పైన-కింద, దగ్గర-దూరం, ఒకేరకం-వేరురకం వంటి నిత్యజీవిత భావనలు కూడా అందులో చేరాయి. పరిశోధన బాధ్యత ఎడ్వర్డ్ పామర్‌ది. పిల్లవాడి ముందు టెలివిజన్‌లో కార్యక్రమం నడుస్తూ వుంటే, పక్కనే మరో తెరమీద ఏడున్నర సెకన్లకొకటి చొప్పున వేరే బొమ్మలు మార్చేవారు. పిల్లవాడి చూపు ఏ క్షణంలో పక్క తెరకు పోయిందో రాసుకునేవారు. చూపు పోయిన ఘట్టాన్ని తిరిగి తయారుచేసేవారు. పిల్లవాడు వినలేదంటే తప్పు పిల్లవాడిది కాదు, పాఠానిది! ఎన్ని బడులు ఈ సూత్రాన్ని ఈనాటికైనా అంగీకరిస్తున్నాయి?

1969 జూలైలో ఫిలడెల్ఫియాలో కొన్ని నమూనా భాగాలను పిల్లలకు చూపించారు. జిమ్ హెన్సన్ తయారుచేసిన 'మప్పెట్' బొమ్మలు వచ్చినప్పుడు పిల్లలు కళ్ళప్పగించి చూశారు. వీధిలో మనుషులు మాట్లాడుకునే ఘట్టాలు రాగానే చూపు మరల్చుకున్నారు. బొమ్మలనూ మనుషులనూ కలిపితే పిల్లలు భ్రమపడతారని శాస్త్రజ్ఞులు అంతకుముందు హెచ్చరించి వున్నారు. ఆ హెచ్చరికను పక్కకు పెట్టి, బిగ్ బర్డ్ అనే నిలువెత్తు పిట్టనూ, చెత్తడబ్బాలో కాపురముండే ఆస్కర్‌నూ సృష్టించి వీధిలోకి దించారు. అనుభవం సిద్ధాంతాన్ని సరిదిద్దింది. వ్యాపార ప్రకటనలాగా ఒక అక్షరాన్ని గంటలో పలుమార్లు పాటగా, బొమ్మగా, హాస్యంగా తిప్పితిప్పి చూపించారు. ఆనాటి కార్యక్రమాన్ని సమర్పించినది ఫలానా అక్షరమూ ఫలానా అంకే అని చివర ప్రకటించేవారు. సబ్బుల కంపెనీ పేరు వుండవలసినచోట అక్షరం నిలబడింది. మొదటి ఏడాదే గంటసేపటి భాగాలు 130 తయారయ్యాయి.

ఇక ఆ వీధి సంగతి. ధనికుల తోటలో కాకుండా, న్యూయార్కు పేటల్లో కనిపించేలాంటి పాత ఇళ్ళ మెట్లమీదా, చెత్తడబ్బాల పక్కనా, ఒక చిన్న దుకాణం ముందూ కథ నడిచింది. పిల్లలకు పెద్దదిక్కుగా వుండే గోర్డన్ నల్లజాతి ఉపాధ్యాయుడు. అతని భార్య సూసన్. దుకాణదారు హూపర్‌గా నటించినవాడు విల్ లీ. 1950ల కమ్యూనిస్టు వ్యతిరేక వేటలో వామపక్షీయుడని నల్లజాబితాకెక్కి, సినిమాల్లోనూ టెలివిజన్‌లోనూ పనిలేకుండా పోయిన నటుడతను. ఏ దేశపు తెరమీదనుంచి అతన్ని తరిమేశారో ఆ దేశపు పసిపిల్లలందరికీ అతను తాతగా తిరిగివచ్చాడు. 1982లో అతను చనిపోయాడు. ఆ పాత్రకు మరో నటుణ్ణి తేలేదు. ఎక్కడికో ఊరెళ్ళాడని బుకాయించనూ లేదు. 1983 నవంబరులో ప్రసారమైన భాగంలో, హూపర్ చనిపోయాడనీ, చనిపోయినవారు తిరిగి రారనీ, మనకు జ్ఞాపకాలు మిగులుతాయనీ బిగ్ బర్డ్‌కు వీధిలోని పెద్దలు చెప్పారు. ఇదీ పాఠమే. దీనికి మార్కులు లేవు.

మొదట్లో ఆ వీధిలోనూ లోపాలున్నాయి. సూసన్‌ను ఇంటికే పరిమితం చేశారని స్త్రీలు నిలదీశారు. ఆ తరువాత ఆమె నర్సు ఉద్యోగంలో కనిపించింది. స్పానిష్ మాట్లాడే కుటుంబాల పిల్లలు ఎక్కడున్నారని వారి సంఘాలు అడిగాయి. 1971లో మరియా, లూయీస్ పాత్రలు వచ్చాయి. వీధి తనంతట తాను విశాలం కాలేదు. ప్రజలు అడిగి విశాలం చేయించారు.

మరి ఫలితం? అమెరికా పరీక్షల సంస్థ ఒకటి 1970లోనూ 1971లోనూ పిల్లల్ని పరీక్షించి, ఎక్కువగా చూసినవారు ఎక్కువ నేర్చుకున్నారని తేల్చింది. 1975లో థామస్ కుక్, ఆయన సహచరులు అవే లెక్కలను తిరగేసి వేరే సంగతి బయటపెట్టారు. ఆ ప్రయోజనంలో మంచిభాగం, పరిశోధకులు ఇళ్ళకు వెళ్ళి ప్రోత్సహించిన పిల్లల్లోనే కనిపించింది. పైగా కలిగిన ఇళ్ళ పిల్లలే ఎక్కువగా చూస్తుంటే, అంతరం తగ్గకపోగా పెరిగే ప్రమాదం వుందన్నారు. అందరికీ సమానంగా కురిసిన వాన కూడా పెద్ద చెరువులోనే ఎక్కువ నిలుస్తుంది. అలాగని వాన దండగ అనలేం. మెలిసా కియర్నీ, ఫిలిప్ లెవీన్ అనే ఆర్థికవేత్తలు, తొలినాళ్ళలో ప్రసారం బాగా అందిన ప్రాంతాలనూ అందని ప్రాంతాలనూ పోల్చి 2015లో ఒక అధ్యయనం వెలువరించారు. అందిన చోట్ల పిల్లలు తమ వయస్సుకు తగిన తరగతిలో వుండటం ఎక్కువైందనీ, నల్లపిల్లల్లోనూ వెనకబడిన ప్రాంతాల్లోనూ ఈ మేలు మరీ స్పష్టంగా వుందనీ చూపించారు. అయితే పెద్దయ్యాక వారి జీవితాలమీద దాని ప్రభావాన్ని అంత గట్టిగా చూపలేకపోయారు. అక్షరం తరగతిదాకా తోడువచ్చింది. పని దొరికే గేటు దగ్గర వేరే చట్టాలు రాజ్యం చేస్తున్నాయి.

కార్యక్రమాన్ని నిలబెట్టిన ధనం కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1980ల ఆరంభానికి ప్రభుత్వ సహాయం ఎండిపోయింది. బొమ్మలమీదా పుస్తకాలమీదా వచ్చే ఆదాయమే ఆధారమైంది. ప్రకటనల విద్యను వ్యాపారి చేతినుంచి లాక్కున్న సంస్థ, బతకడానికి తన పిట్టనే అమ్ముకోవలసి వచ్చింది. 2015లో హెచ్‌బీఓ అనే చందా టెలివిజన్‌తో ఒప్పందం కుదిరింది. 2016 జనవరి నుంచి కొత్త భాగాలు ముందు చందా కట్టినవారికి. తొమ్మిది నెలల తరువాత ప్రజా టెలివిజన్‌కు. పేదపిల్లల కోసం పుట్టిన వీధిలో పేదపిల్లలే వరసలో వెనక నిలబడ్డారు. 2025లో నెట్‌ఫ్లిక్స్‌తో కుదిరిన ఒప్పందంలో ప్రజా టెలివిజన్‌లోనూ అదేరోజు చూపే ఏర్పాటు చేసుకున్నారు. కాని అదే ఏడాది జూలైలో అమెరికా శాసనసభ ప్రజా ప్రసారాలకు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. 1970లో మిసిసిపీ పెద్దలు తీర్మానంతో చెయ్యబోయిన పనికి ఇప్పుడు తీర్మానం కూడా అక్కర్లేదు. పద్దు కొట్టేస్తే చాలు.

ఇది పరాయిదేశపు గొడవ అని మనం ఊరుకోలేం. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో 'సైట్' ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ప్రసారాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగులో వచ్చాయి. ఊరందరికీ ఒక పెట్టె. పొద్దుటిపూట బడిపిల్లలకు పాఠాలు. ఏడాది గడిచింది, ఉపగ్రహం వెళ్ళిపోయింది. అదే 1975లో అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ మాత్రం ఈనాటికీ నిలిచి వుంది, చాలని జీతంతో పనిచేసే ఆడవాళ్ళ భుజాలమీద.

సెసమీ స్ట్రీట్ చరిత్రలోంచి ఉపాధ్యాయులు తీసుకోవలసింది తెరమీద అపనమ్మకం కాదు. పాఠాన్ని పిల్లవాడి చూపుతో కొలవడం నేర్చుకోవాలి. ఏ పాఠంలోనైనా అక్షరం ఎంత ముఖ్యమో, ఆ అక్షరం పక్కన ఎవరు ఎవరితో కలిసి కూర్చున్నారన్నది అంత ముఖ్యమని గుర్తించాలి. తెరమీది వీధిలో పిల్లలు కలిసి ఆడుకున్నారు. తెర ఆపి బయటికి వస్తే అసలు వీధి వుంది. దాన్ని మార్చే పని ఏ బొమ్మకూ అప్పజెప్పలేం.